ఖాళీ ఫైళ్ళ యజమాని

ఆ పర్చా, అదే కరపత్రం, నా టేబుల్ మీద పెట్టినప్పుడు దాని మీది మాటలు నేను చదవలేదు. చదవాల్సిన అవసరం లేదు, రాసింది నేనే. నా కళ్ళు తిన్నగా కాగితం అడుక్కి పోయాయి. అక్కడ చీమ తలకాయంత అక్షరాల్లో మా ఆఫీసు సర్వర్ పేరు, ఫోల్డర్ పేరు, ఫైలు నంబరు అచ్చయి ఉన్నాయి. ప్రింటు తీసేటప్పుడు ఆ సాఫ్ట్‌వేర్ తనంతట తానే ప్రతి పేజీ కింద వేసే వరుస అది. మెదక్ మొత్తంలో కంప్యూటర్ గురించి నాకు తెలిసినంత ఎవరికీ తెలియదని విర్రవీగేదాన్ని. ఆ ఒక్క వరుస ఆపేయాలని మాత్రం తట్టలేదు.

"గిది మీ మిషిన్లదేనా మేడం?" అని అడిగాడు వచ్చిన ఆఫీసరు. మఫ్టీలో ఉన్నాడు. గొంతు చాలా మెత్తగా ఉంది. అరిచే మనిషి అయితే నేను కూడా అరిచేదాన్ని, నా నోరు ఊరందరికీ తెలుసు. మెత్తగా మాట్లాడేవాళ్ళతోనే నాకు భయం.

"మాదే సార్," అన్నాను. అబద్ధం చెప్పడానికి వీల్లేదు. సర్వర్ పేరు నేను పెట్టిందే.

రాష్ట్రం కోసం ఊళ్ళన్నీ రగులుతున్న రోజులు. బస్సులు ఎప్పుడు నడుస్తాయో, ఎప్పుడు ఆగుతాయో తెలియదు. ఒక మధ్యాహ్నం అన్నం గంటలో, అందరూ డబ్బాలు విప్పుకుంటున్నప్పుడు, నేను కడుపు మంటతో కూర్చుని ఒక పేజీ రాశాను. తూప్రాన్ దగ్గర హైవే మీద అందరం కూర్చుందాం రండి అని పిలుపు. ఒక్క ప్రింటు తీసి కాలేజీ పిల్లలకిచ్చాను, వాళ్ళు జిరాక్సులు తీసి గోడలన్నీ నింపారు. జనం వచ్చారు, కూర్చున్నారు. అంతవరకు బాగానే ఉంది. సాయంత్రానికి ఎవరో రాయి విసిరారు, బస్సు డ్రైవరు కంటికి తగిలింది. ఆ కన్ను పోయింది. దాంతో ఆ పర్చా ఎవరు రాశారన్నది పెద్ద కేసయింది. రాసిన మనిషి దొరికితే నౌకరి పోవడమే కాదు, జైలు కూడా తప్పదని ఊళ్ళో అనుకుంటున్నారు. ఆ మనిషి సర్వర్ గదిలో ఏసీ కింద కూర్చుని చెమటలు కక్కుతోంది.

"గీ ఫోల్డర్ల ఉన్న ఫైళ్ళన్నిటికీ లిస్టు తియ్యుండ్రి," అన్నాడు ఆఫీసరు. "ఏ ఫైలు ఎవరిది, ఎవరు చదువొచ్చు, ఎవరు రాయొచ్చు, అన్నీ రావాలె. ఒక్కదానికే తీస్తే రేపు కోర్టుల మీరే దిద్దిన్రంటరు. అన్నిటికీ తీసి, ప్రతి పేజీ మీద సంతకం పెట్టి ఇయ్యుండ్రి."

"వేల ఫైళ్ళున్నయ్ సార్. ప్రోగ్రాం రాయాలె."

"రాయుండ్రి. నాకు వేరే పనేం లేదు," అని కుర్చీ లాక్కుని నా పక్కనే కూర్చున్నాడు.

మా ఆఫీసు గురించి రెండు ముక్కలు చెప్పాలి, లేకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు. పాత కాగితాలను కంప్యూటర్‌లోకి ఎక్కించే కాంట్రాక్టు పని మాది. పన్నెండు మంది ఆపరేటర్లు, ఒక మేనేజరు, సర్వర్ చూసుకోవడానికి నేను. ఆపరేటర్లలో పెద్దాయన్ని అందరం చాచా అనేవాళ్ళం. తెలుగు, ఉర్దూ, ఇంగ్లీషు మూడూ చూడకుండా కొట్టగలడు. ఒకప్పుడు కచేరీ ముందు చెట్టు కింద టైపు మిషన్ పెట్టుకుని అర్జీలు రాసేవాడట. విదేశీ కంపెనీలకు దేశం తలుపులు తెరిచి ఊరూరా కంప్యూటర్ సెంటర్లు పుట్టుకొచ్చాక ఆ మిషన్‌ను పాత ఇనుప సామాను వాళ్ళకు తూకానికి అమ్మేసి, యాభై ఏళ్ళ వయసులో మౌస్ పట్టుకోవడం నేర్చుకున్నాడు. నోట్లో నాలుక లేని మనిషి. నన్ను బిడ్డా అనేవాడు. నేను అందరి మీదా అరిచేదాన్ని గానీ చాచా మీద ఎన్నడూ అరవలేదు.

చాచాది మంచి హస్తవాసి అని మా ఆఫీసులో అందరికీ గట్టి నమ్మకం. ఆయన మొదలుపెట్టిన బ్యాచి తప్పులున్నాయని తిరిగి రాలేదు. ఒక్కసారి జ్వరమొచ్చి ఆయన రాకపోతే ఆ రోజే సర్వర్ డిస్కు పోయింది. ఇంక చెప్పాలా! అప్పటినుంచి మేనేజరే రూలు పెట్టాడు: ఏ బ్యాచికైనా బోణీ చాచా చేతితోనే కావాలి. పొద్దున్నే అందరికంటే ముందు వచ్చి, బిస్మిల్లా అనుకుని, ఆ రోజుకు కావాల్సిన ఫైళ్ళన్నీ ఖాళీగా తయారుచేసి, నంబర్లు వేసి పెట్టేవాడు. తర్వాత వచ్చినవాళ్ళు ఏది ఖాళీగా ఉంటే అది తెరిచి అందులో కొట్టుకునేవాళ్ళు. ఎవరు ఏ నంబరు తీసుకున్నారో ఎక్కడా రాసుకునేవాళ్ళం కాదు. ఆ మధ్యాహ్నం నేను కూడా ఒక ఖాళీ ఫైలే తెరిచి అందులో పర్చా రాశాను. ఇవన్నీ తెలిసి కూడా ఆఫీసరు పక్కన కూర్చున్న ఆ గంటలో నాకు గుర్తుకు రాలేదు. భయంలో బుర్ర పనిచేయదు.

ప్రోగ్రాం మొదలుపెట్టాను. సర్వర్‌లో ప్రతి ఫైలుకీ లోపల ఒక జాబితా కట్టి ఉంటుంది. యజమాని ఎవరు, ఎవరికి చదివే హక్కు ఉంది, ఎవరికి రాసే హక్కు ఉంది, ఎవరికి అసలు లేదు. అందులో పేర్లుండవు, మనిషికొక పొడుగాటి నంబరు ఉంటుంది. దాన్ని మళ్ళీ సర్వర్‌కే చూపించి ఈ నంబరు ఎవరిది అని అడిగితే పేరు చెబుతుంది. అడగడంలో కూడా ఒక పద్ధతుంది. మొదటిసారి అడిగితే ఏమీ ఇవ్వదు, జాబితా పట్టడానికి ఎంత జాగా కావాలో మాత్రం చెబుతుంది. అంత జాగా సిద్ధం చేసుకుని రెండోసారి అడగాలి. మామూలుగా అయితే అరగంట పని. నేను కావాలనే తప్పులు రాసి, దిద్ది, మళ్ళీ తప్పులు రాసి మూడు గంటలు లాగాను. ఆయన మూడుసార్లు చాయ్ తాగాడు. ఒక్కసారి కూడా తొందర పెట్టలేదు.

"ఏమైంది మేడం, చెయ్యి వణుకుతుంది?"

"ఏసీ సార్."

"బంద్ చెయ్యమంటరా?"

"సర్వర్ వేడెక్కుతది," అన్నాను. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకునే రకం నేను కానని అప్పటిదాకా అనుకునేదాన్ని.

ఒక ఆలోచన రాకపోలేదు. నా నంబరు వచ్చిన చోటల్లా ఇంకేదో పేరు అచ్చేయమని రెండు వరుసలు చేర్చితే చాలు. కాని ఆయన తెర వైపే చూస్తున్నాడు. కోడు అర్థమవుతుందో లేదో తెలియదు, చూపు మాత్రం తిప్పడం లేదు. చివరకు ప్రోగ్రాం నడిపించక తప్పలేదు. ఫైలు నంబరు, యజమాని, హక్కులు, వరుస వెంట వరుస పైకి పోతున్నాయి. పర్చా ఫైలు దగ్గరికి వచ్చేసరికి నా పైప్రాణాలు పైనే పోయాయి. యజమాని అన్నచోట నా పేరు లేదు. చాచా పేరుంది.

హమ్మయ్య అనుకున్నాను. దాచేదేముంది, అదే అనుకున్నాను. గుండెల మీది బండ దిగింది. ఆ తర్వాతే మిగతా వరుసలు చూశాను. ఆ ఫైలుకే కాదు, దాని ముందు ఫైలుకూ వెనక ఫైలుకూ, ఫోల్డర్‌లో ఉన్న వేల ఫైళ్ళన్నిటికీ యజమాని చాచానే. ఖాళీ ఫైలును పుట్టించిన మనిషే యజమాని. తర్వాత అందులో ఎవరు ఏం రాసినా ఆ పేరు మారదు. ఆయన బోణీ చేసినందుకు మిషన్ ఆ ఫైళ్ళన్నీ ఆయన పేరున రాసిపెట్టింది. అప్పుడు భయమేసింది, ఇంతకుముందు వేసిన భయమూ ఇదీ ఒకటి కాదు.

ఆఫీసరు తెర మీద వేలు పెట్టాడు. "యజమాని అంటే ఓనరే గద?"

"ఓనరే సార్. కాని ఓనరంటే రాసినోళ్ళని కాదు. గీ ఫైల్ల రాసే హక్కు చానమందికి ఉంది."

"చానమందిల మీరున్నరా?"

మెత్తగానే అడిగాడు. "సర్వర్ చూసేటోళ్ళకు అన్నిట్ల ఉంటది సార్, రివాజు," అన్నాను.

"ఎవరు ఎప్పుడు రాసిన్రో వేరే చిట్టా ఉంటదంట గద మేడం?"

"ఉంటది సార్. మా దగ్గర బంద్ ఉంది."

"ఎవరు బంద్ చేసిన్రు?"

"నేనే. మిషిన్ స్లో అయితుందని."

ఆయన జేబులోంచి చిన్న నోటుబుక్కు తీసి ఏదో రాసుకున్నాడు. ఇంకొక్క ప్రశ్న అడిగి ఉంటే నేనే కక్కేసేదాన్నని ఇప్పటికీ అనుకుంటాను. అడగలేదు. కాగితాలు అచ్చయ్యాయి. పేజీకొక సంతకం చొప్పున పెట్టుకుంటూ పోయాను. పర్చా ఫైలు ఉన్న పేజీ దగ్గర కూడా చెయ్యి ఆగలేదు.

చాచాను పిలిపించారు. టోపీ సర్దుకుంటూ వచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. పర్చా చూపిస్తే అద్దాలు పెట్టుకుని మొదటినుంచి చివరిదాకా చదివాడు. "మస్తు రాసిండు సార్ ఎవరో," అన్నాడు అమాయకంగా. "నేను కాదు."

"ఫైలు నీ పేరు మీదుంది."

"ఖాళీ ఫైలు చేసి పెట్టిన సార్, గంతే. అండ్ల ఎవరు రాసిన్రో నాకెట్ల ఎరుక?"

"ఖాళీ ఫైలు ఎందుకు చేస్తవ్?"

"బోణీ సార్."

ఆఫీసరు నవ్వాడు. కిరాణా దుకాణంలో బోణీ విన్నాను గాని కంప్యూటర్‌లో బోణీ ఏందని మేనేజరు వైపు తిరిగాడు. రూలు పెట్టిన మనిషి ఆ మేనేజరే. ఆయన మొహం తుడుచుకుని, "మా దగ్గర గసొంటి రివాజు ఏం లేదు సార్. అంతా సిస్టం ప్రకారమే," అన్నాడు. పెద్ద పెద్ద ఆఫీసుల పని చేసే సెంటరు నమ్మకాల మీద నడుస్తోందని తెలిస్తే కాంట్రాక్టు పోతుందని వాడి ఏడుపు. దొంగ సచ్చినోడు! అద్దం తలుపు అవతల పన్నెండు తలకాయలు ఉండాల్సిన చోట పదకొండు తలకాయలు వంచుకుని టైపు చేస్తున్నాయి. ఒక్కటీ పైకి లేవలేదు. వాళ్ళననడానికి నాకు నోరెక్కడిది?

చాచా నా వైపు తిరిగాడు. "జర నువ్వు మళ్లొక్కసారి తీసి చూడు బిడ్డా. ఎక్కడో గల్తీ అయినట్టుంది. సార్, గీ బిడ్డ చాన హుషారు. ఆమె తీస్తే అసలు సంగతి బయటపడ్తది."

మళ్ళీ తీశాను. ఏం చేయను, ఆయనే తీయమన్నాడు. మళ్ళీ అదే ఫైలు, మళ్ళీ అదే పేరు. చాచా తెర మీదికి వంగి తన పేరు తానే చదువుకున్నాడు. "వచ్చింది," అన్నాడు. అంత చిన్న గొంతు నేను ఆయన దగ్గర ఎప్పుడూ వినలేదు.

జీపు ఎక్కించేటప్పుడు తన అన్నం డబ్బా నాకిచ్చి, ఇంట్లో ఇచ్చిరమ్మన్నాడు. కోట కింద గల్లీలో వాళ్ళ ఇల్లు. చాచీ డబ్బా తీసుకుని మూత తీసి చూసింది. అన్నం అలాగే ఉంది. "తినకుండనే పోయిండా?" అని మాత్రం అడిగింది. ఏమీ కాదు చాచీ, అడిగి పంపిస్తరు అన్నాను. నా నోరు పడిపోను, అదొక అబద్ధం కూడా ఆమె గడపలో నిలబడి చెప్పాను.

రెండు రోజులు గడిచాయి. ఆయన రాలేదు. ఆఫీసులో ఎవరూ ఖాళీ ఫైళ్ళు చేసి పెట్టడం లేదు, ఎవరివి వాళ్ళే చేసుకుంటున్నారు. ఆయన కుర్చీలో ఎవరూ కూర్చోవడం లేదు. మేనేజరు నన్ను పిలిచి, బాగా సహకరించావని ఆఫీసరు మెచ్చుకున్నాడని చెప్పాడు. నాకు అన్నం సయించలేదు, అమ్మ ఎందుకని అడిగితే అమ్మ మీద విరుచుకుపడ్డాను. ఇంట్లో నా జీతం తప్ప వేరే ఆధారం లేదు. నాన్న పక్షవాతంతో మంచం మీద. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఆ రెండు రోజులు నేను లెక్కలు వేస్తూ కూర్చున్నాను గాని ఏడవలేదని తెలియాలి. మూడో రోజు పొద్దున చెప్పుల్లో కాళ్ళు పెట్టుకుని తిన్నగా స్టేషన్‌కి పోయాను.

చాచా లోపల బల్ల మీద కూర్చుని ఉన్నాడు. టోపీ లేదు. రెండు రోజుల గడ్డం తెల్లగా మెరుస్తోంది. నన్ను చూసి లేవబోయి, మోకాలు పట్టుకుని మళ్ళీ కూర్చున్నాడు. ఏం చేశారో నేను అడగలేదు.

ఆఫీసరు ముందు నిలబడి, "పర్చా రాసింది నేను సార్. చాచాకు ఏం ఎరుక లేదు. ఆయన చేసి పెట్టిన ఖాళీ ఫైల్ల నేనే రాసిన," అన్నాను. రెండు రోజులుగా లోపల తిప్పుకున్న మాటలు, ఒక్క ఊపులో వచ్చేశాయి.

ఆయన సొరుగులోంచి నేనిచ్చిన కాగితాల కట్ట తీశాడు. తొందరేమీ లేదు. ఆ పేజీ వెతికి నా ముందు పెట్టాడు. "గీ సంతకం ఎవరిది?"

"నాదే."

"రెండుసార్లు తీసిన్రు. రెండుసార్లూ ఆయన పేరే వచ్చింది. సంతకం పెట్టేటప్పుడు యాదికి రాలేదా మీరే రాసిన్రని?"

"భయపడ్డ సార్."

"మరిప్పుడు భయం లేదా?" అని నవ్వాడు. "మేడం, కోర్టుల మీ మాట నడుస్తదా, మీ మిషిన్ కాగితం నడుస్తదా? మీరే చెప్పుండ్రి."

సాక్ష్యం ఏమైనా ఉందా అని వెతుక్కున్నాను. ఆ చిట్టా ఆపేసింది నేను. ఆ జాబితా తీసింది నేను. నిజం చెబుతున్నానని చూపించడానికి నా దగ్గర నా నోరు తప్ప ఏమీ లేదు. "చాచా, నువ్వన్నా చెప్పు," అని ఆయన వైపు తిరిగాను. "నువ్వు రాయలేదు గద. నేనే రాసిన. అల్లా తోడు, నేనే."

చాచా నా వైపు చూశాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కోపం వస్తుందనుకున్నాను. తిడితే బాగుండు, కొట్టినా బాగుండు అనుకున్నాను. ఆయన రెండు చేతులూ జోడించి ఆఫీసరు వైపు తిరిగాడు.

"సార్, గీ బిడ్డ మాట పట్టుకోకుండ్రి. నా మీద పాయిరంతోని గట్ల అంటుంది. నన్ను ఇడిపియ్యనీకె తన మీద ఏసుకుంటుంది. ఆడపిల్ల, నౌకరి చేసి ఇల్లు నడుపుతుంది. ఆమెను ఇండ్ల గుంజకుండ్రి." తర్వాత నాతో, "పో బిడ్డా. నా కోసం అబద్ధం చెప్పకు. అల్లా చూస్తుండు," అన్నాడు.

నేను అరిచాను. నిజమే చెబుతున్నానని బల్ల గుద్దాను. ఎంత అరిస్తే చాచా అంత నమ్మలేదు. ఆఫీసరు కానిస్టేబుల్‌ను పిలిచి మేడంని బయటిదాకా తోలుకుపొమ్మన్నాడు. నేను పోయాను. ఇంకోసారి మళ్ళీ వచ్చి ఉండొచ్చు, వకీలును పట్టుకుని ఉండొచ్చు. రాలేదు. ఒకసారి నిజం చెప్పాను గదా, నమ్మకపోతే నేనేం చేయను అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. అలా సర్దిచెప్పుకోవడం ఎంత సులువో ఆ నెలలో తెలిసింది.

చాచా నౌకరి పోయింది. బెయిలు మీద వచ్చాక మూడేళ్ళు వారం వారం స్టేషన్‌కి పోయి సంతకం పెట్టాడు. మోకాలు మళ్ళీ సరిగా వంగలేదు. రాష్ట్రం వచ్చింది, పటాకులు కాల్చారు, తర్వాత ఎప్పటికో కేసు కూడా పోయింది. నేను ఇంకో కంపెనీకి మారాను, మంచి జీతం. అక్కడ కూడా ఫైళ్ళ హక్కులు చూసే పనే.

పోయినేడు ఆయన మనవరాలి నికా. పిలుపు వస్తే పోకుండా ఎలా ఉంటాను, పోయాను. ఆడవాళ్ళ పంక్తిలో నేను ప్లేటు పట్టుకుని నిలబడి ఉంటే చాచా కర్ర ఊతంతో వెతుక్కుంటూ వచ్చాడు. నా చెయ్యి పట్టుకుని కొత్త పెళ్ళికొడుకు ముందుకు తీసుకుపోయాడు. చుట్టూ వియ్యాలవారు, పిల్లలు, చాచీ.

"గీ బిడ్డ ఎవరనుకున్నవ్ బేటా?" అన్నాడు ఆ అబ్బాయితో. గొంతు వణుకుతోంది. "లోకంల అందరు నన్ను ఇడిచిపెడితే, నా కోసం పోలీసుల ముందు నిలబడి అబద్ధమాడింది. గీమెకు వంగి సలాం చెయ్యి."

ఆ అబ్బాయి వంగాడు.